ఉల్లిమొగ్గ నేర్పు పాఠము

ఉల్లి చేసిన మేలు తల్లియు చేయదని మన పెద్దలందురు. సూక్ష్మదర్శినిలో మన బాలురు మొట్టమొదట చూచునదియు ఉల్లిపొరయే. కాని పరీక్ష ముగిసినతోడనే పొరతోపాటు పాఠమును గూడ పారవైచుచున్నారు. ఇది తగదని మా యభిప్రాయము.

మొన్న మా విద్యార్థి తండ్రి యొకరు, తాము కొన్న విత్తనము కల్తీదై, గడ్డలు నానావిధములుగా నూరి వెల పలుకలేదని వాపోయి, "ఈ చదువు మా చేనికేమి చేయును?" అని యడిగిరి. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తర మీయవలసియున్నది.

ఉల్లి దేహకణములందు 16 క్రోమోజోములు గలవు; తల్లివలన 8, తండ్రివలన 8. పరపరాగముచే ఫలించు మొక్క యగుటచే సంతతి యేకరీతిగా నుండదు. తొలియేట గడ్డయు, మలియేట విత్తును వచ్చును గనుక, స్వపరాగముచే వంగడమును స్థిరపఱచుటకు పదేండ్లకు పైబడి పట్టును. ఈలోపల మొక్కలు నీరసించును.

1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయమున శిప్రా గుహ, ఎస్. సి. మహేశ్వరి గార్లు ఉమ్మెత్త పుప్పొడితిత్తులనుండి సగము క్రోమోజోములుగల మొక్కలను పుట్టించి దారి చూపిరి. ఉల్లి పుప్పొడి అందులకు లొంగలేదు. అంతట శాస్త్రజ్ఞులు 1980 తరువాతి దశాబ్దమున స్త్రీభాగము నాశ్రయించిరి. విచ్చని మొగ్గలను శుద్ధిచేసి, పంచదారయు లవణములును గల పోషకద్రవ్యముపై నుంచగా, కొన్ని నెలలకు, పరాగము సోకకయే, అండాశయమునుండి 8 క్రోమోజోముల మొక్క వెలువడును. నూఱు మొగ్గలలో ఫలించునవి తఱచు కొలదియే. ఆ మొక్క సాధారణముగా గొడ్డు. కాల్చిసిన్ వంటి మందుచే క్రోమోజోములను రెట్టింపు చేసినచో విత్తుపట్టి, సంపూర్ణముగా స్థిరమైన వంగడమగును. అట్టి రెంటిని సంకరముచేసిన విత్తనము చేనంతయు ఒక్కతీరున పండును.

ఇది వర్తకులకే లాభమని కొందఱందురు. ఆ శంక నిరాధారము కాదు: సంకరవిత్తనమును రైతు యేటేట కొనవలసినదే. కావుననే ఈ విద్య ప్రజాధనముతో నడచు విద్యాలయములందు వర్ధిల్లి, విత్తనము సరసమైన వెలకు రైతునకు చేరవలెను. ఏకరూపమైన పైరు ఒకే తెగులునకు లొంగవచ్చును గనుక పాత నాటురకములను గూడ కాపాడుకొనవలెను.

ఈ పనులు చేయవలసినవారు మన బాలబాలికలే. ఈ యేడు పాఠశాల తోటలో నాలుగు ఉల్లిగడ్డలు నాటి, పూతవఱకు ఓపికతో కనిపెట్టుడు. ఆ తండ్రి ప్రశ్నకు మాటలకన్న అదియే మంచి జవాబు.