సవరబిడ్డ నోటిమాట

స్వభాషాభిమానము గొప్ప గుణమే. కాని తన భాషకు గోరు గౌరవమును పొరుగువాని భాషకు నిరాకరించునేని, అది అభిమానము గాదు, అహంకారము. ఈ మాట ఆంధ్రులకే చెప్పవలసివచ్చుట మాకు సంతోషకరము గాదు. మదరాసు పాలనలో మన భాషకు దగిన చోటు లేదని మొఱపెట్టినవారము మనము. 1952 డిసెంబరు 15వ తేదీని పొట్టి శ్రీరాములుగారు ప్రాణములర్పింపగా, 1953 అక్టోబరు 1వ తేదీని భాషయే పునాదిగా రాష్ట్రమును బడసినవారము మనము. అట్టి రాష్ట్రముననే మఱియొక భాషవాని బిడ్డ బడిలో మూగయై కూర్చుండుట మన కంటికేల కనబడదు?

సీతంపేటను జూడుడు. 2022 ఏప్రిలు 4వ తేదీ వఱకు శ్రీకాకుళము జిల్లాలో నుండి, నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో జేరిన ఈ యూరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థకు కేంద్రస్థానము. ఇచట బేరమాడు భాష తెలుగు. అధికారి పలుకు భాష తెలుగు. కాగితముమీది భాష తఱచుగా ఇంగ్లీషు. ఇండ్లలోని సంగతి వేఱు. జాతాపులు తమ పూర్వుల కొండభాషను చాలవఱకు విడిచి తెలుగునే ఇంటిమాటగా జేసికొనిరి. ఒడిశా సరిహద్దు చేరువనే యున్నది గావున ఒడియా మాటయు వినబడును. కొండయెక్కి సవరగూడెమునకు బోయిన, తల్లి బిడ్డను లాలించునది సవరభాషలో. ఒక్క సంతకు వచ్చువారి ఇండ్లలో ఇన్ని భాషలుండగా, బడి మాత్రము ఇంటిమాట ఒక్కటే యనుకొనుచున్నది.

సవర తెలుగునకు యాస యని తలచు విద్యావంతులు నేటికిని గలరు. ఇంతకంటె పొరపాటు లేదు. తెలుగు ద్రావిడభాష, సవర ముండాకుటుంబమునకు జెందినది. 2003 నాటి సవరణచే రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చోటుగొన్న సంతాలీ దానికి దగ్గఱి చుట్టము. కంబోడియాలోని ఖ్మేరు దూరపు చుట్టము. లెక్కించు తీరే దాని స్వతంత్రతకు సాక్ష్యము. పండ్రెండు వఱకు పోయి, పండ్రెండుమీద ఒకటియని మరల మొదలిడి, ఇరువదులుగా పోగుచేయుట ఆ భాష పద్ధతి. మన పిల్లవాడు ముప్పదిమూడనుదానిని సవరబిడ్డ ఇరువది, పండ్రెండు, ఒకటి యని ఇంట నేర్చును. అట్టి బిడ్డ బడిలో పదుల లెక్కకు తడబడినచో మందబుద్ధి యని ముద్రవేయుట న్యాయమా? వానికి లెక్క రాక కాదు. వాని లెక్క పంతులునకు రాక! 2011 జనగణనలో ఈ దేశమున ఈ భాష మాతృభాషయని చెప్పినవారు 4 లక్షలకు మించిరి.

ఏటేట ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషాదినోత్సవమని గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పటమునకు పూలమాలలు వేయుచున్నాము. శైలివిషయమున వారితో విభేదించినవారు సైతము వారి సవరసేవను కాదనజాలరు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, ఆ భాషను స్వయముగా నేర్చి, సవరబిడ్డలకు బడిపెట్టి, వారి మాటలోనే వాచకములు వ్రాసి, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. సభలలో ఈ గిడుగు పేరు ఎంతమంది యెత్తుచున్నారు? సగము గిడుగును పూజించి, సగము గిడుగును కొండమీద విడిచి వచ్చుచున్నాము.

శాసనము లేకయా ఈ ఉపేక్ష? 1956లో రాజ్యాంగమున జేర్చిన 350ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషలవారి బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనని ప్రతి రాష్ట్రమునకును చెప్పుచున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము, వీలున్నంతవఱకు ఐదవ తరగతిదాక ఇంటిభాషలో బోధింపుమనుచున్నది. పని అసాధ్యమనుటకును వీలు లేదు. 2004 ప్రాంతమున ఉమ్మడి రాష్ట్రమే సవర మొదలగు ఎనిమిది గిరిజనభాషలలో తెలుగు లిపితో వాచకములు సిద్ధపఱచి బోధన నారంభించెను. దానికి ప్రయోగమను పేరు పోయి, హక్కు అను పేరు రావలెను.

సవర నేర్చిన కూడు వచ్చునా, తెలుగు ఇంగ్లీషులే నేర్పరాదా యని కొందఱు ప్రశ్నింతురు. ఆ రెండును నేర్పవలసినవే, వలదన్నవారెవరు? తెలిసిన మాటతో మొదలిడి తెలియని మాటకు దారితీయుమనియే మా వాదము. కూడుపెట్టని భాష యేలయను ఈ ప్రశ్ననే 2019లో బడులన్నిటను ఇంగ్లీషు మాధ్యమము పెట్టబూనినపుడు తెలుగునకు వేసిరి. అపుడు భాషాభిమానులు ఆగ్రహించిరి. 2020 ఏప్రిలులో ఉన్నతన్యాయస్థానము ఆ ఉత్తరువులను గొట్టివేయగా హర్షించిరి. తమకు తగిలినపుడు అన్యాయమైన వాదము, సవరకు తగిలినపుడు న్యాయమగునా?

భాష తెలిసిన పంతుళ్లు ఎచటనుండి వత్తురని మఱికొందఱందురు. ఏజెన్సీ బడులలో ఉపాధ్యాయపదవులన్నియు గిరిజనులకే యనిన 2000 నాటి 3వ నంబరు ఉత్తరువును సుప్రీముకోర్టు 2020 ఏప్రిలులో గొట్టివేసిన మాట నిజమే. ఆ తీర్పు నూటికి నూఱు పాళ్ల కేటాయింపు కూడదన్నది. బిడ్డ భాష తెలియని వానినే పంపుమని యనలేదు. సవరగూడెపు బడికి పోవు పంతులు, ఏ కులమువాడైనను, సవర మాటలాడ నేర్వవలెనను నియమము పెట్టుటకు అడ్డేమి? గిడుగువారు నేర్వగలిగినది నెలజీతము పుచ్చుకొనువారు నేర్వలేరా?

మా కోరిక పెద్దది గాదు. సవరగూడెములలో మొదటి మూడు తరగతుల బోధన సవరలో సాగవలెను. ఆసుపత్రిలో రోగి తన నొప్పిని తన మాటలో చెప్పుకొనుటకు, కార్యాలయమున రైతు తన భూమిమొఱ వినిపించుటకు, సవర తెలిసిన ఉద్యోగి యొకడుండవలెను. దీనివలన తెలుగునకు వెంట్రుకవాసి నష్టము లేదు. భాషపేర నిలిచిన రాష్ట్రము తనలోని చిన్నభాషను మింగివేసినచో మన త్యాగములకు అర్థమేమున్నది? ఆంధ్రులారా! రాబోవు ఆగస్టు 29వ తేదీని పూలమాలతోబాటు ఈ ప్రశ్నను గూడ సభలకు గొనిపొండు. మనవలె తల్లిమాటలో అక్షరము దిద్దుకొను భాగ్యము సవరబిడ్డకును గలుగుగాక.