చీరాల-పేరాలని ఊరికే వాడుకోకండి

ఈమధ్య మా బెజవాడ అపార్టుమెంటు మీటింగులో ఆస్తి పన్ను గొడవ లేచింది. 2021లో మూలధన విలువ మీద పన్ను లెక్కకట్టే పద్ధతి వచ్చినప్పట్నుంచీ ఉన్న గొణుగుడే. ఈసారి "అసలు కట్టడమే మానేద్దాం" దాకా వెళ్ళింది. "నువ్వు బాగా రాస్తావుగా బాబూ, ఓ కరపత్రం రాసిపెట్టు" అన్నారు సెక్రెటరీ గారు. నేనూ రెచ్చిపోయి "నాడు చీరాల-పేరాల, నేడు మనం" అని మొదలెట్టేశా.

రాశాక అనుమానమొచ్చింది. అసలు అక్కడ జరిగిందేంటి? 1919లో చీరాల, పేరాలల్ని కలిపి మునిసిపాలిటీ చేశారు. పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. జనం మొత్తుకున్నా సర్కారు వినలేదు. 1921 ఏప్రిల్లో వచ్చిన గాంధీ గారు రెండు దార్లు చెప్పారు: అహింసగా పన్ను మానెయ్యడం, లేదా ఊరే ఖాళీ చెయ్యడం. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెనక వేలమంది రెండో దారి పట్టారు. సొంత ఇళ్ళొదిలి రామనగర్ పాకల్లో ఎండకీ వానకీ దాదాపు పదకొండు నెలలున్నారు. దుగ్గిరాల వారికి ఏడాది జైలు. ఇంతా చేసి, అనుకున్నది దక్కకుండానే ఇళ్ళకి తిరిగొచ్చారు.

మరి మేం? 2021 మార్చిలో కార్పొరేషన్ ఎన్నికలైతే మా వాళ్ళలో చాలామంది ఓటుకే వెళ్ళలేదు. (నేనూ వెళ్ళలేదు, హైదరాబాదులో ఉన్నా.) నోటీసులొస్తే ఏం చేద్దామని అడిగితే "వడ్డీ మాఫీ చేస్తార్లే" అన్నారు!

వేరేవాళ్ళ కోడ్ తెచ్చుకుంటే దాని డిపెండెన్సీలూ తెచ్చుకోవాలి, లేకపోతే నడవదు. చరిత్రా అంతే. ధిక్కారం ఒక్కటే కాపీ కొట్టి, పాకలూ జైలూ వదిలేస్తే అది పోలిక కాదు, ఎగవేతకి వేసిన ఖద్దరు చొక్కా.

అంటే చట్టాన్ని ఎప్పుడూ ధిక్కరించకూడదా అంటారేమో. నేనలా అనట్లేదు. చెప్పుకునే దార్లన్నీ మూసుకుపోయి, శిక్షకి సిద్ధపడి నిలబడేవాళ్ళు దుగ్గిరాల వారి పేరు దర్జాగా ఎత్తుకోవచ్చు. మనం కనీసం ఒక అర్జీ కూడా పెట్టలేదు కదండీ!

అంచేత కరపత్రం చివర ఒక గీత గీశా: "నోటీసొస్తే ముందు నా పేరు రాసుకోండి అనేవాళ్ళు ఇక్కడ సంతకం పెట్టండి." వారమైంది. ఎవరూ పెట్టలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ పెట్టలేదు.

చీరాల-పేరాల కొట్టేసి, కమిషనరు గారికి అర్జీ రాసిచ్చా.