ఆపరేషన్ తర్వాతి నెల రోజులు

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్న మనిషికి మొదటి నెల రోజులూ గండమే. కణితి ఉన్న ముక్కను కోసి తీసేశాక మిగిలిన రెండు కొసలనూ కలిపి కుడతారు. ఆ అతుకు నిలవాలి. నిలవకపోతే మలం కడుపులోకి కారి, చీము పట్టి, ఇన్‌ఫెక్షన్ రక్తానికెక్కుతుంది. మామూలు రోజుల్లోనే సర్జన్లకు కంటి మీద కునుకు పట్టనివ్వని భయం ఇది. 2020లో దీనికి కరోనా తోడైంది. అనంతపురం లాంటి కరువు జిల్లా రోగికి ఆ రెండూ ఒకేసారి ఎదురైతే దారేమిటన్నది అప్పట్లో ఎవరూ తీరిగ్గా ఆలోచించలేకపోయారు. ఇప్పుడు లెక్కలు చేతిలో ఉన్నాయి. వాటిని చూస్తే మనం భయపడాల్సిన చోట కాకుండా వేరే చోట భయపడ్డామని అర్థమవుతుంది.

మొదటి భయం 2020 మే నెలలో పుట్టింది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నడిపిన కోవిడ్‌సర్జ్ బృందం లాన్సెట్ పత్రికలో ఒక నివేదిక ప్రచురించింది. 24 దేశాల్లోని 235 ఆసుపత్రులు. ఆపరేషన్‌కు కాస్త ముందో, తర్వాతో కరోనా సోకిన 1,128 మంది రోగులు. వారిలో 23.8 శాతం మంది నెల తిరక్కుండానే చనిపోయారు. సగానికి పైగా రోగులకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. నలుగురిలో ఒకరు పోతారంటే ఏ సర్జన్ కత్తి పట్టుకుంటాడు? అప్పటికే వాయిదా పడుతున్న ఆపరేషన్లు ఇంకా వెనక్కి జరిగాయి.

అయితే ఆ లెక్క వైరస్ సోకినవాళ్లది మాత్రమే. ఆపరేషన్ చేయించుకున్న వందమందిలో ఎందరికి సోకింది అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. అదే బృందం ఆ ఏడాది చివర్లో పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ల మీద విడిగా చేసిన అధ్యయనంలో ఆ జవాబు దొరికింది. 40 దేశాల్లో ముందుగా తేదీ పెట్టుకుని ఆపరేషన్ చేయించుకున్న 2,073 మందిలో కరోనా సోకింది 78 మందికి, అంటే 3.8 శాతం. అతుకు వేసినవాళ్లలో అది ఊడినవాళ్లు 4.9 శాతం. ఈ రెండు కష్టాల్లో ఏదీ రాని 1,601 మందిలో చనిపోయింది 14 మందే, నూటికి ఒకరు కూడా కాదు. రెండూ ఒకేసారి వచ్చిన 13 మందిలో మాత్రం ఐదుగురు పోయారు. పదమూడు చిన్న సంఖ్యే, కాదనను. కానీ దారి ఎటు చూపిస్తోందో తెలుస్తూనే ఉంది. ఆపరేషన్‌ను మాన్పించాల్సిన పని లేదు, రోగి దగ్గరికి వైరస్‌ను రానివ్వకుండా ఉంటే చాలు.

కడుపు కోసిన మనిషి మీద ఊపిరితిత్తుల వైరస్ ఇంత దెబ్బ ఎలా కొడుతుందో ఆపరేషన్ మర్నాడు వార్డులో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. బొడ్డుకు పైనా కిందా నిలువునా కుట్లు. దగ్గు వస్తే కుట్లు ఎక్కడ పిగులుతాయోనని రోగి దిండును పొట్టకు అదిమి పట్టుకుంటాడు. మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం చేతికిచ్చి గట్టిగా గాలి పీల్చమంటారు. నొప్పికి మొదటి బంతి సగం దాకా లేచి పడిపోతుంది. లోతుగా ఊపిరి తీయక, దగ్గక, తెమడ ఊపిరితిత్తుల అడుగున పేరుకుంటుంది. పైగా పెద్ద ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది. నెలల తరబడి మలంలో రక్తం పోయి హిమోగ్లోబిన్ పడిపోయిన రైతు కూలీ అయితే ఇక చెప్పేదేముంది? అలాంటి ఒంట్లోకి వైరస్ వస్తే అడ్డుకునేది ఏమీ ఉండదు.

ఇక అనంతపురం సంగతి. పేదలకు ఉచితంగా వైద్యం చేయించే ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో ఇదొకటి. మిగతావి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. పేదవాడికి పెద్ద ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది అప్పుడే. కానీ కార్డు చేతికొచ్చినంత సులువుగా క్యాన్సర్ సర్జన్ ఊరికి రాడు. ఇక్కడి రోగులు అలవాటుగా బెంగళూరు కిద్వాయ్, హైదరాబాద్ ఎం.ఎన్‌.జె. క్యాన్సర్ ఆసుపత్రులకో, తిరుపతికో, వేలూరుకో పోతారు. అనంతపురం నుంచి బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, హిందూపురం నుంచి అయితే అందులో సగం. 2019 నవంబర్ 1 నుంచి బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ ఆసుపత్రుల్లోనూ కొన్ని వందల సూపర్ స్పెషాలిటీ చికిత్సలకు ఆరోగ్యశ్రీ వర్తింపజేశారు. ఈ జిల్లాకు అది నిజంగా మంచి కబురు. ఐదు నెలలైనా గడవకముందే లాక్‌డౌన్ వచ్చింది. జాతీయ రహదారి మీద కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పాసు లేని బండి కదల్లేదు. చేతిలో కార్డు ఉంది, ముందు దారి మూసుకుపోయింది.

జిల్లాలోనే చేయించుకుందామంటే ఎక్కడ? 2020 ఏప్రిల్ మొదటి పక్షంలోనే అనంతపురం సర్వజన ఆసుపత్రిలో ఇద్దరు డాక్టర్లకు, ఇద్దరు నర్సులకు కరోనా సోకినట్టు తేలింది. హిందూపురం నుంచి వచ్చిన ఒక రోగికి వైరస్ ఉందని తెలియకముందే వారు వైద్యం చేశారు. జబ్బు వార్డు గోడ దాటి ఎలా వస్తుందో జిల్లా వాసులు కళ్లారా చూశారు. సూపర్ స్పెషాలిటీ భవనం కోవిడ్‌కు పోయింది. అనంతపురం నుంచి కదిరి పోయే దారిలో బత్తలపల్లిలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రి ఉంది. విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆ సంస్థ ఆసుపత్రి చుట్టుపక్కల పల్లెల పేదలకు దశాబ్దాలుగా పెద్ద దిక్కు. దాన్నీ కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు. మంచాలు, ఆక్సిజన్, అలవాటు పడిన సిబ్బంది ఉన్నచోటే కదా రోగులను చేర్చుకుంటారు. ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను, ఆర్‌డీటీ సిబ్బంది ఆ రోజుల్లో చేసిన సేవకు జిల్లా రుణపడి ఉంది. నా అభ్యంతరమల్లా ఒక్కటే. ఇన్ని ఆసుపత్రులను కోవిడ్‌కు కేటాయించినప్పుడు, జ్వరం లేని ఆపరేషన్ రోగికి ఫలానా ఆసుపత్రి అని ఒక్కదాన్నైనా విడిగా ఉంచాల్సింది.

అలా ఉంచితే ఏం జరుగుతుందన్నది ఊహ కాదు. 55 దేశాల్లో 9,171 మంది క్యాన్సర్ రోగుల మీద కోవిడ్‌సర్జ్ బృందమే ఈ సంగతి తేల్చింది. కోవిడ్ రోగులతో ఎక్కడా కలవకుండా విడి థియేటరు, విడి ఐసీయూ, విడి వార్డు ఉన్న ఆసుపత్రుల్లో ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల సమస్యలు 2.2 శాతం మందికి వచ్చాయి. కలిసి ఉన్నచోట 4.9 శాతం. సగానికి సగం తేడా. మన దేశంలోనే ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి 2020 మార్చి 23 నుంచి ఏప్రిల్ 30 వరకు, అంటే లాక్‌డౌన్ నడిమధ్య, 494 క్యాన్సర్ ఆపరేషన్లు చేసింది. ఆపరేషన్ తర్వాత ఒక్కరూ చనిపోలేదు. మిగతా దేశంలో ఏం జరిగింది? నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ అనే ఆసుపత్రుల కూటమిలోని 41 చోట్ల 2019తో పోలిస్తే 2020 మార్చి నుంచి మే దాకా పెద్ద ఆపరేషన్లు 49 శాతం, కొత్త రోగుల నమోదు 54 శాతం పడిపోయాయి. ఆ కనిపించకుండా పోయినవాళ్లకు జబ్బు రాక కాదు. వాళ్లు ఇళ్లలో ఉండిపోయారు.

ఇంట్లో ఉండిపోవడం క్షేమమనుకుంటే పొరపాటు. ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైతే మరణించే ముప్పు 6 నుంచి 8 శాతం పెరుగుతుందని 2020 నవంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన సమీక్ష చెప్పింది. పేగు క్యాన్సర్‌లో ఆలస్యమంటే పేగు మూసుకుపోవడం, కడుపుబ్బరం, వాంతులు, చివరికి అర్ధరాత్రి ఎమర్జెన్సీ ఆపరేషన్. తీరిగ్గా చేసినదానికన్నా అందులో అతుకు ఊడే ముప్పూ, చీము పట్టే ముప్పూ ఎక్కువే. ఆపదలో ఆగాల్సిన సందర్భం అప్పట్లో ఒకటుండేది. రోగికే కరోనా వస్తే ఏడు వారాలు ఆగడం మేలని 116 దేశాల్లో లక్షా నలభై వేల మంది రోగుల వివరాలు చూసి 2021లో పరిశోధకులు చెప్పారు. అప్పుడు కూడా కణితి ఆగుతుందా లేదా అన్నది డాక్టరు రోగిని చూసి నిర్ణయించాలి.

మహమ్మారి రోజుల్లో కొంతమంది సర్జన్లు అతుకు జోలికి పోకుండా పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి మలం పడే సంచి తగిలించారు. అతుకే లేకపోతే ఊడేదీ ఉండదు. ఆసుపత్రి వైపు నుంచి చూస్తే సరైన పనే. ఆ సంచితో ఇంటికి చేరేది మాత్రం ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని జిల్లాకు. సంచి చుట్టూ చర్మాన్ని రోజూ శుభ్రమైన నీళ్లతో కడగాలి. వేసవిలో మడకశిర, కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో కుళాయి ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినప్పుడు బిందెలు వరసలో ఉంటాయి. సంచులు దొరికేది పట్నం మెడికల్ షాపులోనే, లాక్‌డౌన్‌లో పట్నానికి బస్సు లేదు. సంచి అయిపోతే ప్లాస్టిక్ కవరు, దాని మీద పాత చీర పీలిక. రెండు రోజుల్లో చర్మం ఒరుసుకుపోయి పచ్చి పుండవుతుంది. ఇది కూడా ఆపరేషన్ తర్వాతి ఇన్‌ఫెక్షనే, అయినా ఏ లెక్కలోకీ ఎక్కదు. కోలుకునే రోజుల్లో రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 దాటకుండా ఇచ్చేలా 2019 డిసెంబర్‌లో ఆరోగ్య ఆసరా పెట్టారు. ఆ డబ్బుకు తోడు సంచులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఇచ్చి ఉంటే, ఆశా కార్యకర్త చేతికైనా పంపి ఉంటే, ఎందరి కడుపు మంట తగ్గేదో.

కరోనా పోయినా పాత ఇన్‌ఫెక్షన్ పోలేదు. మన దేశంతో కలిపి ఏడు దేశాల్లో 5,788 మంది మీద జరిపి 2021లో ప్రచురించిన ఫాల్కన్ పరీక్షలో, కడుపు ఆపరేషన్ అయినవారిలో 22 శాతం మందికి కుట్ల దగ్గర ఇన్‌ఫెక్షన్ వచ్చింది. మందు పూసిన ఖరీదైన దారం వాడినా తగ్గలేదు. మరుసటి ఏడాది వచ్చిన చీటా పరీక్షలో మాత్రం ఒక చిన్న మార్పు పని చేసింది. కడుపు మూసే ముందు అందరూ చేతి తొడుగులు మార్చుకుని, కొత్త పరికరాలు తీసుకుంటే ఇన్‌ఫెక్షన్ 18.9 నుంచి 16 శాతానికి దిగింది. 13 వేల మందికి పైగా రోగుల మీద నిలబడిన ఫలితం ఇది. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. జిల్లాలో కడుపు కోసే ప్రతి థియేటర్లో రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు.

2022 ఏప్రిల్ 4న పాత అనంతపురం జిల్లా రెండయింది, పుట్టపర్తి కేంద్రంగా శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడింది. మళ్లీ వైరస్ వస్తే ఒక్క జ్వరం రోగిని కూడా చేర్చుకోకుండా ఆపరేషన్లు మాత్రమే సాగించే ఆసుపత్రి రెండు జిల్లాలకూ చెరొకటి ఉండాలి. దాని సిబ్బంది వేరుగా ఉండాలి, రోగిని చేర్చుకునే ముందు పరీక్ష చేయాలి, తోడుగా ఒక్కరినే అనుమతించాలి. బెంగళూరులో ఆపరేషన్ తేదీ ఉన్న రోగి బండిని సరిహద్దులో ఆపకుండా కర్ణాటకతో ముందే ఒప్పందం రాసుకోవాలి. ఇవన్నీ వైరస్ వచ్చాక చేసే పనులు కావు. ఇద్దరు కలెక్టర్లూ, జిల్లా వైద్యాధికారులూ కూర్చుని ఆ రెండు ఆసుపత్రుల పేర్లు ఈ ఏడాదిలోనే ప్రకటించాలి.