చక్కెర ఎవరిచ్చారు?

పిల్లలూ! పోయిన నెల ఈ శీర్షికలో గాలిపటానికి తోక ఎందుకో చెప్పుకున్నాం. ఈ నెల ఉరుమును గురించి చెబుదామనుకుంటూండగా ఒక ఉత్తరం వచ్చింది. ఉరుము ఎక్కడికీ పోదు గనక దాన్ని వచ్చే నెలకు ఉంచి, ముందు ఈ ఉత్తరం సంగతి చూద్దాం.

రాసినవాడు ఏడవ తరగతి చదువుతున్నాడు. పేరు వెయ్యవద్దని కోరాడు. వాళ్ళ నాన్నగారికి బస్సుస్టాండు పక్కన చిన్న టిఫిను హోటలు ఉన్నది. మనవాడు సెలవుల్లో మేనమామ ఇంటికి వెళ్ళి, అక్కడ కంప్యూటరు మీద హోటలు నడిపే ఆట ఆడాడు. సెలవులు ముగిసేలోగా అతని హోటలుకు అయిదు నక్షత్రాలూ వచ్చాయి. ఇంటికి తిరిగి వచ్చి నాన్నగారితో, "నీకు వ్యాపారం చెయ్యటం తెలియదు. రేటు పెంచు, బోర్డు మార్చు, మంచి వంటమాస్టరును పెట్టు. నేనైతే నెల తిరక్కుండా లాభం చూపిస్తాను," అన్నాడు. నాన్నగారు ఏమీ అనలేదు. లేచి వెళ్ళి, మరునాటికి మినప్పప్పు కొలిచి నానబోశారు. "ఆటలో అలా చేస్తేనే గదా లాభం వచ్చింది? నేను అన్నదాంట్లో తప్పేమిటి?" అని ప్రశ్న.

అబ్బాయీ, నువ్వు ఆడిన ఆట పేరు రాశావు గనక జవాబు చెప్పటం సులువయింది. అది "ది సిమ్స్ 4" అనే ఆట. అందులో హోటళ్ళు నడిపే భాగం 2016లో "డైన్ ఔట్" అనే పేరుతో వచ్చింది. ఆడని పిల్లల కోసం చెబుతాను. ఇవి మనుషుల జీవితాన్ని అనుకరించే ఆటలు. తెరమీద బొమ్మ మనుషులు ఉంటారు. వాళ్ళు తింటారు, నిద్రపోతారు, ఉద్యోగాలకు పోతారు, పోట్లాడుకుంటారు. మనం పక్కన ఉండి వాళ్ళకు దారి చూపుతూ ఉంటాం. ఈ వరసలో మొదటి ఆట 2000లో అమెరికాలో వచ్చింది.

డైన్ ఔట్‌లో హోటలు పెట్టాలంటే ముందుగా ఇంటి డబ్బులోంచి కొంత తీసి వ్యాపారంలో పెట్టాలి. తరవాత వంటవాళ్ళను, వడ్డించేవాళ్ళను, గుమ్మం దగ్గర నిలబడి "రండి, ఈ బల్ల దగ్గర కూర్చోండి" అనే మనిషిని జీతానికి పెట్టుకోవాలి. ఏయే వంటకాలు ఉండాలో, ధర అసలు మీద ఎంత ఎక్కువ వెయ్యాలో మనమే నిర్ణయించాలి. సరుకు నాసిరకమా మేలురకమా అన్నదీ మన ఇష్టమే. వచ్చినవాళ్ళు ఆలస్యానికి విసుక్కుంటారు, రుచిని మెచ్చుకుంటారు, ధర చూసి మొహం చిట్లిస్తారు. యజమాని బల్ల బల్లకూ వెళ్ళి పలకరించవచ్చు. ఎవరైనా బాగా నొచ్చుకుంటే ఆ భోజనానికి డబ్బు తీసుకోకుండా పంపవచ్చు. ఇవన్నీ నిజమైన హోటల్లోనూ ఉన్నవే. చక్కగా చేశారు, కాదనను.

కాని ఒక్క సంగతి గమనించావా? ఆ ఆటలో సరుకు నిలవ చేసుకునే కొట్టుగది లేదు. ఎవరైనా ఒక వంటకం అడిగినప్పుడు మాత్రమే ఆ వంటకానికి అయ్యే సరుకు ఖర్చు పద్దులో పడుతుంది. అడగకపోతే ఖర్చే లేదు! సాయంత్రానికి మిగిలేదీ లేదు, పారబోసేదీ లేదు. యజమాని తలుపు వేసి ఇంటికి వెళ్ళిపోతే హోటలు అక్కడే, అలాగే ఆగి ఉంటుంది.

మీ నాన్నగారి హోటల్లో అలా కాదు గదా. ఇడ్లీ తినేవాడు పొద్దున ఆరు గంటలకు వస్తాడు. వాడు వస్తాడో రాడో తెలియకముందే, కిందటి పగలు పప్పు నానాలి, సాయంత్రం రుబ్బాలి, రాత్రంతా పిండి పులియాలి. అంటే డబ్బు ముందురోజే ఖర్చయి కూర్చున్నదన్నమాట.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను ఊరికే అనుకున్నవి. మీ హోటలు అంకెలు నువ్వు వేసుకో. ఒక ఇడ్లీకి రవ్వ, పప్పు, చట్నీ, గ్యాసు కలిసి నాలుగు రూపాయలు పడుతున్నదనుకుందాం. అమ్మకం ఆరు రూపాయలు. మూడువందల ఇడ్లీలు చేశారు. ఖర్చు 1200 రూపాయలు. అన్నీ అమ్ముడుపోతే 1800 వస్తాయి, 600 మిగులుతాయి. కాని ఆ పొద్దున వాన పట్టుకున్నది. 180 ఇడ్లీలే పోయాయి. 1080 రూపాయలు వచ్చాయి. ఖర్చు మాత్రం 1200 అయ్యే పోయింది. అంటే 120 రూపాయలు నష్టం. ఇదే రోజును నీ ఆట ఎలా లెక్కకడుతుంది? అమ్మిన 180 ఇడ్లీలకే ఖర్చు రాస్తుంది: 720. పోగా 360 రూపాయలు లాభం అంటుంది! అదే వాన, అదే గిరాకి. ఒక పద్దులో లాభం, ఒక పద్దులో నష్టం.

"ఇడ్లీ వెయ్యకుండా ఉంచితే ఆ పిండి మరునాడు ఊతప్పానికి పనికి వస్తుంది గదా?" అని మీలో ఎవరో అడగబోతున్నారు. వస్తుంది, ఎండాకాలం కాకపోతే. చట్నీ మాత్రం రాదు.

ఇక దీనికన్నా పాత ఆట ఒకటి ఉన్నది: "ది సిమ్స్ 2." దానికి 2006లో "ఓపెన్ ఫర్ బిజినెస్" అనే భాగం వచ్చింది. నన్ను అడిగితే హోటలు మాటకు వస్తే నాకు ఇదే ఎక్కువ ఇష్టం. ఎందుకంటే డైన్ ఔట్‌లో యజమాని తన హోటల్లో తాను గరిట పట్టటానికి వీలులేదు, వంటకు ఎవరినో ఒకరిని పెట్టుకోవలసిందే. పాత ఆటలో అలా కాదు. యజమాని తానే పొయ్యి దగ్గర నిలబడవచ్చు, తానే వడ్డించవచ్చు. కావాలంటే ఉన్న ఇంటినే హోటలుగా మార్చవచ్చు. జీతగాళ్ళకు విశ్రాంతి ఇవ్వకుండా పని చేయిస్తే అలిసిపోతారు. జీతం తక్కువయితే అలుగుతారు, మానేస్తారు కూడా. ఒక్కొక్క ఖాతాదారుడికీ మన హోటలు మీద ఎంత అభిమానం ఉన్నదో నక్షత్రాల లెక్కన పెరుగుతుంది, తరుగుతుంది. వ్యాపారం పదో మెట్టు దాకా ఎక్కవచ్చు.

ఇందులో ఇంకొక విశేషం ఉన్నది. ఇంట్లోవాళ్ళను పనిలో పెడితే వాళ్ళకు జీతం ఇవ్వనక్కరలేదు. ఆడేవాళ్ళకు ఈ కిటుకు త్వరగానే పట్టుబడుతుంది. భార్య వంట, కొడుకు వడ్డన, జీతాల పద్దు సున్న!

నీ ఉత్తరం మళ్ళీ చదివి చూశాను. "అమ్మ తెల్లవారుజామున మూడింటికి లేచి చట్నీ చేస్తుంది" అని ఒక్క ముక్క రాసి, వెంటనే బోర్డు రంగు సంగతిలోకి పోయావు. ఆ మూడు గంటల పనికి బయట మనిషిని పెడితే ఎంత ఇవ్వాలో ఎప్పుడైనా అడిగావా?

మిగతా ఆటలను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2009లో వచ్చిన "ది సిమ్స్ 3" మొదటి ఆటలో హోటలు లోపల ఏం జరుగుతున్నదో మనకు కనిపించదు. డబ్బు పెట్టి వాటా కొనుక్కుంటే వారానికి ఒకసారి రాబడి చేతికి వస్తుంది. అది షావుకారి పని, హోటలు పని కాదు. జంతువులు మనుషుల్లా మసలే "యానిమల్ క్రాసింగ్" ఆటకు 2021లో ఒక భాగం చేర్చారు. అందులో మనం హోటలు గదిని అలంకరిస్తాం. బల్లలు ఎక్కడ, దీపాలు ఎక్కడ అన్నదే పని. ఆ పనికి మనకు కూలి ముడుతుంది. తరవాత హోటలు నడిచినా నడవకపోయినా మనకు పోయేదేమీ లేదు. చిన్న చెల్లెళ్ళకు బాగుంటుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముసలి ఆట చెబుతాను. ఇందులో బొమ్మ మనుషుల కాపురాలు లేవు, నిమ్మరసం అమ్మే బల్ల ఒక్కటే ఉన్నది. 1973లో అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో, బడులకు కంప్యూటరు పాఠాలు సమకూర్చే సంస్థలో బాబ్ జేమిసన్ అనే ఆయన రాశాడు. పేరు "లెమొనేడ్ స్టాండ్." 1979లో ఆపిల్ 2 అనే కంప్యూటరుకు కూడా వచ్చింది. చేతిలో రెండు డాలర్లు ఇస్తారు. రోజూ పొద్దున వాతావరణం ఎలా ఉంటుందో చెబుతారు. అప్పుడు మనం మూడే మూడు సంగతులు చెప్పాలి: ఎన్ని గ్లాసులు కలపాలి, ఒక్కొక్కటి పదిహేను సెంట్లు పెట్టి ఎన్ని ప్రకటన బోర్డులు రాయించాలి, గ్లాసు ఎంతకు అమ్మాలి. అంతే. తరవాత ఏం జరిగితే అది జరిగింది. ఎండ మండితే గ్లాసులు ఖాళీ. ఉరుములతో గాలివాన వస్తే కలిపినదంతా నేలపాలు. ఒక్కొక్క రోజు రోడ్డు మరమ్మత్తు అని వీధి మూసేస్తారు, ఒక్క పిట్ట రాదు. కాని అదృష్టం బాగుంటే ఆ రోడ్డు పనివాళ్ళే మధ్యాహ్నం వచ్చి ఉన్నదంతా తాగేసి పోతారు! మిగిలిన రసం మాత్రం మరునాటికి రాదు. మీ నాన్నగారు ఈ ఆట చూస్తే నవ్వుకుని, "ఇది మన హోటలే," అంటారేమో.

ఈ ఆటలో మొదటి రెండు రోజులు గ్లాసు రెండు సెంట్లకే తయారవుతుంది. మూడో రోజున అది ఉన్నట్టుండి నాలుగు సెంట్లు అవుతుంది. ఎందుకో తెలుసా? ఇక మీదట అమ్మ చక్కెర ఊరికే ఇవ్వదు అని కంప్యూటరు చెబుతుంది. అంటే ఆ రెండు రోజులూ మనం చూసుకుని మురిసిపోయిన లాభంలో కొంత అమ్మ డబ్బాలోది. ఏడో రోజున సరుకు ధర పెరిగి అయిదు సెంట్లు అవుతుంది, అది వేరే మాట.

అందుచేత, అబ్బాయీ, నువ్వు నాన్నగారికి ఇచ్చిన సలహా అంతా తప్పని అనను. రేటు సంగతి ఆలోచించవలసిందే; బోర్డు కూడా మార్చవచ్చు. కాని నువ్వు గెలిచిన ఆటలో వాన లేదు, మిగులు లేదు, మూడు గంటలకు లేచే అమ్మ లేదు. ఆ రోజు నాన్నగారు నానబోసిన పప్పు కిందటి రోజుకన్నా ఎక్కువో తక్కువో నువ్వు చూడలేదు. చూసి ఉంటే, ఆ కొలత ఎందుకు మార్చారని అడిగి ఉందువు. ఆయన ఆకాశం చూశారేమో, మరునాడు సంత అని గుర్తు చేసుకున్నారేమో.

ఒక పని చెయ్యి. రూళ్ళ నోటుబుక్కు ఒకటి తీసుకుని, ముప్పై రోజుల పాటు రాత్రి పూట రాయి: ఎన్ని కిలోల పప్పు పోశారు, ఎన్ని ఇడ్లీలు అయ్యాయి, ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి, వాన పడ్డదా, అమ్మ ఎన్ని గంటలు పని చేసింది. అంకెలు నాన్నగారిని అడిగితేనే తెలుస్తాయి గనక రోజూ అడగాలి. ముందుగా మొన్న అన్న మాటకు ఏదో ఒకటి చెప్పుకుని మరీ అడగాలి, అది నీకే వదిలేస్తున్నాను. నెల నిండాక ఆ పుస్తకం మాకు పంపు, లెక్క కలిసి చూద్దాం.

తక్కిన పిల్లల్లో ఎవరికైనా ఇంట్లో కిరాణా కొట్టో, కూరల బండో ఉంటే వాళ్ళూ రాయవచ్చు. ఉరుము సంగతి వచ్చే నెల.