ముల్లు లేపితే ఇంజన్ బాగుపడదు

పాత కారులో ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందకి పడిపోయిందంటే మన దగ్గర మూడు సలహాలు రెడీగా ఉంటాయి. ఒకటి: "ఏం కాదన్నా, మీటర్ ఖరాబైంది, నడుపు." రెండు: "జర చిక్కటి ఆయిల్ పొయ్యి, ముల్లు అదే లేస్తది." మూడు: "బేరింగులు పోయినయ్, ఇంజన్ దించాల్సిందే." వీటిలో ఏదైనా నిజం కావచ్చు. కానీ మూడూ బానెట్ ఎత్తకముందే వచ్చేస్తాయి. నా గొడవంతా అక్కడే.

ఇది మెకానికల్ బ్రాంచి వాళ్ల టాపిక్ కదా, సీఎస్‌ఈ వాడికెందుకు అనుకోకండి. మా భానూర్ నుంచి పటాన్‌చెరు దాకా ఒకసారి చూడండి. బీడీఎల్ యూనిట్ దగ్గర, పాశమైలారం ఫ్యాక్టరీల దగ్గర పాత కార్లకు తక్కువేం లేదు. కొన్ని కిరాయికి తిరిగేవి, కొన్ని అప్పు చేసి కొన్న సెకండ్ హ్యాండ్ బండ్లు. ప్రెషర్ సెండర్ మార్చడం వందల్లో అయిపోతుంది. ఇంజన్ దించితే లెక్క పదుల వేలల్లోకి పోతుంది. ఈ రెండింటిలో ఏది అవసరమో ఊహించి చెప్తే ఎట్లా?

ముందు ప్రెషర్ ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. పంపు చేసే పని ఆయిల్‌ని తోయడమే. ఆ ఆయిల్ క్రాంక్ షాఫ్ట్‌కీ బేరింగుకీ మధ్య, వెంట్రుక కంటే సన్నటి సందులోంచి బయటికి రావాలి. సందు ఇరుకు కాబట్టి ఆయిల్ తొందరగా పోలేదు, ప్రెషర్ నిలబడుతుంది. బేరింగ్ అరిగితే సందు పెరుగుతుంది, ప్రెషర్ పడిపోతుంది. నీళ్ల పైపు చివర బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు దూరంగా పడతాయి, వేలు తీస్తే కాళ్ల దగ్గరే పడతాయి. అంతే సంగతి. ఆయిల్ వేడెక్కితే పల్చబడుతుంది, కాబట్టి గంట నడిపాక ఐడ్లింగ్‌లో ముల్లు కొంచెం దిగడం మామూలే. ప్రతి 1000 ఆర్‌పీఎంకి 10 పీఎస్‌ఐ ఉండాలని పాత ఇంజన్లకు ఒక మోటు లెక్క చెప్తారు. అసలు అంకె ఆ బండి మాన్యువల్‌లో చూసుకోవాలి.

ఇక గేజ్ సంగతి. కొన్ని పాత బండ్లలో సన్నటి పైపులో ఆయిలే డ్యాష్‌బోర్డు దాకా వస్తుంది. గేజ్ లోపల వంపు తిరిగిన గొట్టం ఉంటుంది. ప్రెషర్ పెరిగితే అది కొంచెం విచ్చుకుని ముల్లుని తిప్పుతుంది. 1849లో ఫ్రాన్స్‌లో యూజీన్ బూర్డాన్ పేటెంట్ తీసుకున్న ఐడియా ఇది. బాయిలర్ల మీద కనిపించే గుండ్రటి గేజ్‌లు చాలావాటిలో ఇప్పటికీ ఆ గొట్టమే. ఆ తర్వాతి బండ్లలో ఇంజన్ మీద సెండర్, అక్కణ్ణుంచి వైరు. మారుతి 800కి అయితే ముల్లే లేదు, ఎర్ర లైటు మాత్రమే. ఆ లైటు ప్రెషర్ దాదాపు అడుగంటాకే వెలుగుతుంది. లైటు వెలగలేదంటే అంతా బాగుందని అర్థం కాదు.

అంటే మనం చూసేది నేరుగా ప్రెషర్‌ని కాదు. సెండర్, వైరు, ఎర్త్, గేజ్ నాలుగూ కలిసి ప్రెషర్ గురించి చెప్పే మాటని. నలుగురిలో ఎవరైనా అబద్ధం చెప్పొచ్చు. అబద్ధమో నిజమో తేల్చడం పెద్ద కష్టం కాదు. ముందు డిప్‌స్టిక్ తీసి లెవెల్ చూడాలి. ఆయిల్ పెట్రోల్ వాసన కొడుతుంటే పాత బండిలో పెట్రోల్ పంపు డయాఫ్రం చిరిగి లోపలికి కారుతుండొచ్చు. తర్వాత ఇంజన్ ఆపి, కీ ఆన్ చేసి, సెండర్ వైరు పీకితే ముల్లు ఒక చివరకి పోవాలి. ఆ వైరుని ఒక్క క్షణం ఇంజన్‌కి తాకిస్తే రెండో చివరకి పోవాలి. రెండూ జరిగితే వైరు, గేజ్ బాగున్నట్టే. అప్పుడు సెండర్ విప్పి, అదే మరలో మెకానికల్ గేజ్ బిగించి, చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా వేడెక్కాక ఒకసారి చూడాలి. ఈ గేజ్ కూడా తక్కువే చూపిస్తే సెండర్ నిర్దోషి. పంపు, రిలీఫ్ వాల్వ్, ఆయిల్ చాంబర్‌లో జాలీ, బేరింగులు వరసగా చూసుకోవాలి.

రెండో సాక్షి చప్పుడు. అన్ని చప్పుళ్లూ ఒకటి కాదు. పైనుంచి టిక్ టిక్ అని వస్తే ఎక్కువసార్లు ట్యాపెట్లే. క్యామ్ షాఫ్ట్ క్రాంక్ వేగంలో సగమే తిరుగుతుంది, అందుకే ఆ టిక్కులు నిదానంగా వినపడతాయి. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు వచ్చి వేడెక్కాక తగ్గితే పిస్టన్ వదులు కావచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే డబ్బాలో మేకులు కదిలినట్టు గలగలమంటే అది టైమింగ్, కార్బన్, పెట్రోల్ ఆక్టేన్ విషయం. ఆయిల్ ప్రెషర్‌తో దానికి సంబంధం లేదు. భయపడాల్సింది ఇంజన్ కింద నుంచి వచ్చే టక్ టక్‌కి. ఒక్కో ప్లగ్ వైరు తీసి చూసినప్పుడు, ఏ సిలిండర్ దగ్గర ఆ టక్ టక్ తగ్గితే ఆ కనెక్టింగ్ రాడ్ బేరింగ్‌ని అనుమానించాలి. ముల్లు పడి, ఈ చప్పుడు కూడా ఉందంటే బండి అక్కడే ఆపాలి. "మెల్లగా ఇంటిదాకా" అనుకుంటే క్రాంక్ కూడా పోతుంది, రాడ్ బ్లాకుని చీల్చినా చీలుస్తుంది. తాడు కట్టి లాక్కెళ్లడం ఎంతో చవక.

చిక్కటి ఆయిల్ సలహా మీద నాకు అసలు కోపం. పాత ఇంజన్లకి 20డబ్ల్యూ-50 కంపెనీయే చెప్పి ఉంటే అది వేరే విషయం. కానీ ముల్లు కోసమే ఇంకా చిక్కటిది పోస్తే, అరిగిన సందులోంచి ఆయిల్ నిదానంగా కారుతుంది, ముల్లు లేస్తుంది. సందు మాత్రం అట్లాగే ఉంటుంది. పైగా పొద్దున చల్లటి ఇంజన్‌లో ఆ ఆయిల్ పైదాకా చేరడం ఆలస్యం. కోడ్‌లో టెస్ట్ ఫెయిలైతే బగ్ వదిలేసి టెస్ట్‌ని డిలీట్ చేసినట్టు ఉంటుంది ఈ పని. అమ్మేముందు ఇట్లా చేస్తే అది రిపేరు కాదు, కొనేవాడిని ముంచడం. సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి పోతే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూసి మురిసిపోవద్దు. అరగంట నడిపి, వేడి మీద ఐడ్లింగ్‌లో ముల్లు చూడండి, చప్పుడు వినండి.

"ముప్పై ఏళ్ల మెకానిక్ చెవికి గేజ్ ఎందుకు?" అని అడగొచ్చు. స్క్రూడ్రైవర్ ఇంజన్‌కి ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుని జబ్బు చెప్పేవాళ్లంటే నాకు గౌరవం ఉంది. పుస్తకంలో లేని చదువు అది. కానీ సెండర్ పోయిందా, నిజంగా ప్రెషర్ పోయిందా అనేది చెవికి వినపడదు. చప్పుడు మొదలయ్యేసరికి బేరింగ్ ఇప్పటికే దెబ్బతిని ఉంటుంది. అంతకుముందు చెప్పగలిగేది గేజే.

మరి కొలవరెందుకు? తప్పంతా మెకానిక్‌ది కాదు. సామాను మారిస్తే డబ్బులిస్తాం. "గంటసేపు చెక్ చేశాను, సెండర్ ఒక్కటే పోయింది" అంటే "దానికి కూడా పైసలా?" అంటాం. చూసినదానికి కూలి ఇవ్వం కాబట్టే మార్చినదానికి బిల్లు వస్తుంది. డాక్టర్ దగ్గర టెస్టులకి కట్టే మనం, షెడ్డులో టెస్టుకి కట్టడం దండగ అనుకుంటాం.

అందుకని నేను అడిగేది చిన్న విషయం. ఈసారి మీ ఇంట్లో పాత కారు ముల్లు పడితే, ఇంజన్ ఆపించి, "ముందు మెకానికల్ గేజ్ పెట్టి చూడన్నా, చెకింగ్ డబ్బులు విడిగా ఇస్తాం" అని చెప్పండి. వేడి మీద ఎంత, చల్లగా ఎంత అని రెండు అంకెలు కాగితం మీద రాయించుకోండి. ఇంజన్ దించాలా వద్దా అన్న మాట ఆ కాగితం చూశాకే మాట్లాడండి.