దొరికిన పటము ఎవరిది?

మా ఎల్లారెడ్డిలో ఫోటో స్టూడియోకుఁ బోయినవా రెల్లరు నీ దృశ్యమును జూచియే యుందురు. గతించిన తండ్రికి వేఱుగాఁ బటము లేదు. ఎవరి పెండ్లిలోనో తీసిన గుంపుపటమున మూల నిలిచియున్నాఁడు. కంప్యూటరు ముందు కూర్చున్న కుఱ్ఱవాఁడు ఆ ముఖమును వేఱుచేసి, మరకలు తుడిచి, బ్రతికియుండఁగా నెన్నఁడును తొడుగని కోటు తొడిగి యిచ్చును. ఇంటివారు కన్నుల కద్దుకొని తీసికొనిపోవుదురు. ఇందు మేము దోషము నెంచము. తండ్రి వారివాఁడు.

నేఁటి చిత్రకారులలోఁ గొందఱు చేయుచున్నదియు నిట్టి పనియే. పాత సామానుల యంగళ్లలోనో, అంతర్జాలమునందో కనఁబడిన పటములను గైకొని, కంప్యూటరుపై మార్చి, ఆ మార్చిన రూపమును రంగులతో వ్రాసి ప్రదర్శనలలో నుంచుచున్నారు. ఇది చిత్రకళయే కాదని త్రోసివేయువారితో మే మేకీభవింపము. ముంబాయి చిత్రకారుఁడు అతుల్ దోడియా 1999లో గాంధిమహాత్ముని ఛాయాచిత్రముల నాధారముగాఁ గొని జలవర్ణచిత్రములు వ్రాసెను. ఎల్లరు నెఱిఁగిన రూపమును మరల నిలిచి చూచునట్లు చేయుటయు నొక ప్రతిభయే.

మా సందేహమెల్ల ‘దొరికిన’ యను మాటపైననే. ఒకనికి దొరికినదన్న, వేఱొకఁడు పోఁగొట్టుకొన్నాఁడనియే గదా!

1957 నాఁటి మన గ్రంథస్వామ్య చట్టము ప్రకారము, సొమ్మిచ్చి తీయించుకొన్న ఛాయాచిత్రముపై, వేఱొక యొడంబడిక లేనిచో, తీయించుకొన్నవానికే మొదటి హక్కు. చిత్తుకాగితములవాని కా కాగిత మమ్మినంతమాత్రమున హక్కు నమ్మినట్లు గాదు. తీసినవానికిఁ దన పేరు చెప్పుకొను హక్కు వేఱుగాఁ గలదు.

అమెరికాలో లిన్ గోల్డ్‌స్మిత్ అను నామె 1981లో ప్రిన్స్ అను గాయకుని ఛాయాచిత్రము తీసెను. దాని నాధారముగా 1984లో ఆండీ వార్‌హోల్ రంగుపటములు చేసెను. 2016లో వార్‌హోల్ పేరిటి సంస్థ వానిలో నొకదానిని 10,000 డాలర్లకుఁ బత్రికలో నచ్చువేయనిచ్చెను. ఆమెకు సొమ్మును లేదు, పేరును లేదు. 2023లో అచటి సర్వోన్నత న్యాయస్థానము ఏడుగు రొకవైపు, ఇద్ద ఱొకవైపుగా నామె పక్షముననే తీర్పు చెప్పెను. ఆ తీర్పు పత్రిక కిచ్చుటనుగూర్చియే కాని, చిత్రము వ్రాయరాదని కాదు.

తీసినవానికిఁ జట్టము తోడున్నది. పటములోని మనుష్యుని మాట యేమి? 1899-1900లో నిజాము రాజ్యమునందలి ఔరంగాబాదు ప్రాంతపుఁ గఱవును రాజా దీన్‌దయాళ్ ఛాయాచిత్రములుగాఁ దీసెను. అందు గోఁచులతో, ఎముకల గూండ్లవలె నిలిచిన యువకులున్నారు. తీసినవాని పేరు నిలిచినది; వారి పేర్లు లేవు. ఆ పటములకు గ్రంథస్వామ్యపు గడువు తీఱినది. నేఁ డెవ్వఁడైనను ఆ ముఖములను మార్చి, రంగులు పూసి యమ్ముకొన్నను నడుగువాఁడు లేఁడు. అడుగువాఁడు లేనిచోటనే చిత్రకారుని మర్యాద తెలియవలెను.

కావున మేము కోరున దింతియే. ప్రదర్శనశాలలో ప్రతి చిత్రము ప్రక్కను మూలపటముయొక్క చిన్న ప్రతి నుంచవలెను. ఎవరు తీసిరి, ఎచట, ఎప్పుడు, అందుఁ దా నేమి మార్చెనో చిత్రకారుఁడు వ్రాయవలెను. తెలియనిచోఁ దెలియదనియే వ్రాయుఁగాక. మన గృహస్థులును దమ పెట్టెలలోని పటములను బయటికిఁ దీసి, పోల్చఁగల ముదుసళ్లు బ్రతికియుండఁగానే ప్రతిదాని వెనుకను బేర్లు వ్రాయించుకొనుట మంచిది. పెన్సిలుతో వ్రాయుఁడు, సిరా కొన్నాళ్లకుఁ గాగితమును దాఁటి ముఖముమీఁదికి వచ్చును.