అడ్డంకుల పరుగు మాక్లూర్‌కు వస్తే..
నగర కార్యాలయాల సరదా పల్లె ఉద్యోగులకు అందేనా?
వినోదం సరే.. భద్రత మాటేమిటి?

మాక్లూర్: గోనెసంచిలో కాళ్లు దూర్చి గెంతడం, బల్లల కింద నుంచి పాకడం, తాడు లాగడం.. పాఠశాలలో జెండా పండుగ ఆటలు ఆడిన వారెవరికీ ఇవి కొత్త కావు. చదువు ముగిసి కొలువులో చేరడంతోనే వాటికి తెర పడుతుంది. ఆ తర్వాత ఉద్యోగుల క్రీడల పేరిట ఏడాదికొకమారు పురుషులకు వాలీబాల్, మహిళలకు కుర్చీలాట నిర్వహించి చేతులు దులుపుకోవడం ఆనవాయితీ. ఆ పాత ఆటలే ఇప్పుడు ‘ఆబ్‌స్టకిల్ రేస్’ అనే కొత్త పేరుతో నగరాల్లోని కార్యాలయాలను ఆకట్టుకుంటున్నాయి. ఒకే చోట పనిచేసే నలుగురైదుగురు జట్టు కట్టి, గోడలెక్కి, వలల కింద పాకి, బురదలో పడిలేచి గమ్యం చేరడమే ఈ అడ్డంకుల పరుగు. పసుపు, వరి, ఎర్రజొన్నలతో బతికే మాక్లూర్ వంటి మండల కేంద్రంలో దీనిని నిర్వహించడం సాధ్యమా? సాధ్యమైతే ఏ జాగ్రత్తలు తప్పనిసరి? ఈ ప్రశ్నలు నేడు పరిశీలించదగినవి.

ఊసుపోక వేస్తున్న ప్రశ్నలు కావివి. దేశంలోని వయోజనుల్లో దాదాపు సగం మంది శరీరానికి అవసరమైనంత శ్రమ చేయడం లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ప్రచురించిన అధ్యయనం తేల్చింది. 2022 నాటి అంచనాల ప్రకారం ఈ కోవలోకి వచ్చే పురుషులు 42 శాతం కాగా, మహిళలు 57 శాతం. దేశంలో మధుమేహ బాధితులు 10 కోట్లు దాటారని భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగిన మరో అధ్యయనం 2023లో వెల్లడించింది. పల్లెల్లో ఉన్నవారంతా ఒళ్లు వంచే పనివారే అనుకోవడం పొరపాటు. మండల కార్యాలయంలోని గుమాస్తా, బ్యాంకు కౌంటరులోని ఉద్యోగి, రోజంతా కూర్చుని బీడీలు చుట్టే మహిళ.. వీరెవరికీ నడక సైతం సరిగా దక్కడం లేదు.

సైనిక శిక్షణ నుంచి సరదా పోటీకి

అడ్డంకులు దాటించడం సైనిక శిక్షణలో ఏనాటి నుంచో ఉన్నదే. 1900లో పారిస్ ఒలింపిక్స్‌లో ఈతగాళ్లకు కూడా ఇటువంటి పోటీ పెట్టారు. స్తంభం ఎక్కి దిగి, ఒక వరుస పడవల మీదుగా పోయి, మరో వరుస కింద నుంచి ఈది 200 మీటర్లు పూర్తి చేయాలి. ఆస్ట్రేలియాకు చెందిన ఫ్రెడరిక్ లేన్ అందులో విజేత. ఆ పోటీ మళ్లీ ఒలింపిక్స్ ముఖం చూడలేదు. ప్రజలంతా పాల్గొనే పరుగుగా దీనికి నేటి రూపమిచ్చినది ఇంగ్లండ్‌లో ఒక మాజీ సైనికుడు 1987లో ప్రారంభించిన ‘టఫ్ గై’. 2010లో అమెరికాలో ‘టఫ్ మడ్డర్’, ‘స్పార్టన్ రేస్’ రెండూ పుట్టాయి. వీటిలో టఫ్ మడ్డర్ తమది పందెమే కాదని, తోటివారిని దాటించడమే ముఖ్యమని ప్రకటించుకుంది. కార్యాలయాల జట్లు ఎగబడడానికి ఈ షరతే కారణం కావచ్చు.

మన దేశంలో 2012లో మొదలైన ‘డెవిల్స్ సర్క్యూట్’ హైదరాబాద్‌తో పాటు పలు నగరాల్లో జరుగుతూ వచ్చింది. ఐదు కిలోమీటర్ల దారి, 15 అడ్డంకులు దాని కొలత. అక్కడ జట్టును పంపే సంస్థ ప్రవేశ రుసుమును భరించే వీలుంటుంది. మండల కార్యాలయ ఉద్యోగికి ఆ వెసులుబాటు లేదు. మరోవైపు ఒలింపిక్స్ క్రీడ మోడ్రన్ పెంటాథ్లాన్‌లో గుర్రపు స్వారీని తొలగించి అడ్డంకుల పరుగును ప్రవేశపెట్టాలని అంతర్జాతీయ సమాఖ్య 2022లో నిర్ణయించింది. 2028 లాస్ ఏంజెలెస్ క్రీడలకు అది వర్తిస్తుంది. కనుక దీనిని నగరవాసుల వింత కాలక్షేపంగా తీసిపారేయలేం.

జిల్లాకు ఉన్న పేరు

కఠిన క్రీడల్లో నిజామాబాద్ జిల్లాకు చెప్పుకోదగిన చరిత్రే ఉంది. ప్రపంచ బాక్సింగ్ విజేతగా 2022, 2023 సంవత్సరాల్లో వరుసగా నిలిచిన నిఖత్ జరీన్ నిజామాబాద్ బిడ్డ. సిరికొండ మండలం పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరాన్ని అధిరోహించినప్పుడు ఆమె వయసు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని అయిన ఆమె ఒక్కసారిగా మంచుకొండ ఎక్కలేదన్నది ఇక్కడ గమనార్హం. ముందు భువనగిరి గుట్టపై తాడు పట్టడం నేర్చి, ఆపై డార్జిలింగ్, లద్దాఖ్‌లలో దశలవారీగా శిక్షణ పొందిన తరువాతే అసలు యాత్ర మొదలైంది.

అడ్డంకుల పరుగులో దేశానికి పేరు తెచ్చిన అవినాశ్ సాబ్లే ఉదంతమూ అటువంటిదే. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాకు చెందిన ఆయన సైన్యంలో మహర్ రెజిమెంటులో చేరిన తర్వాతే పోటీ పరుగులోకి వచ్చారు. 3000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్‌లో 2022 కామన్వెల్త్ క్రీడల్లో రజతం, 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించారు. 2024లో 8 నిమిషాల 9.91 సెకన్లతో జాతీయ రికార్డును మెరుగుపరుచుకున్నారు. ఉద్యోగమే ఒక మనిషిని పరుగులోకి దించిందనడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

ఆ పోటీ కొలతలు మాక్లూర్‌కు పనికివస్తాయి. స్టీపుల్‌ఛేజ్‌లో 28 మార్లు అడ్డుకర్రలను, ఏడుమార్లు నీటిగుంతను దాటాలి. పురుషులకు అడ్డుకర్ర ఎత్తు 91.4 సెంటీమీటర్లు, మహిళలకు 76.2 సెంటీమీటర్లు. ప్రపంచస్థాయి క్రీడాకారిణి దూకే ఎత్తే 76 సెంటీమీటర్లయినప్పుడు, తొలిసారి పరుగెత్తే అంగన్‌వాడీ టీచరు ముందు ఆరడుగుల గోడ నిలబెట్టడం వినోదం అనిపించుకోదు.

రెండు కిలోమీటర్లు చాలు

కొత్తవారి కోసమైతే ఐదు కిలోమీటర్ల ఆలోచనను ఆదిలోనే విరమించుకోవాలి. రెండు కిలోమీటర్ల దారి, ఎనిమిది అడ్డంకులు సరిపోతాయి. సామగ్రి కోసం హైదరాబాద్ వైపు చూడనక్కరలేదు. పాత ట్రాక్టర్ టైర్లను నేలపై పరిస్తే ఒక అడ్డంకి. నడుమెత్తు గడ్డి మోపులు రెండోది. పసుపు ఆరబెట్టే పట్టాను నేలపై పరిచి, దానిపై మోకాలెత్తున తాళ్లు కడితే పాకే దారి సిద్ధం. ఇనుప ముళ్లతీగ పేరెత్తకూడదు. జానెడు ఎత్తున అమర్చిన వెడల్పాటి దుంగపై నడక, ఐదు కిలోల ఇసుక సంచితో వంద మీటర్లు, గోనెసంచి గెంతులు, జట్టంతా కలిసి తాడుతో బండరాయిని లాగడం, చివరన చీలమండ లోతు బురద. ఇంతే.

ఇక్కడొక మాట చెప్పుకోక తప్పదు. గుమాస్తాకు ఐదు కిలోల సంచి అడ్డంకి అయితే, మార్కెట్ యార్డులో హమాలీకి అంతకు పది రెట్లు బరువున్న బస్తా రోజువారీ కూలి. ఆ శ్రమకు ఏ పతకమూ లేదు. పోటీ పెట్టేవారు హమాలీల జట్టునూ పిలిస్తే, సంచి నడుముపైకి ఎలా ఎత్తుకోవాలో, వెన్ను ఎలా నిలపాలో ఉద్యోగులకు నేర్పగల గురువులు వారే అవుతారు. అందుకు వారికి ఆ రోజు కూలి కట్టివ్వడం న్యాయం.

ప్రతి అడ్డంకి పక్కనా విడిగా ఒక దారి ఉండాలి. వల్లకాదన్నవారు సిగ్గుపడకుండా పక్క నుంచి నడిచిపోవాలి. జట్టులో చివరి సభ్యుడు గీత దాటిన క్షణమే ఆ జట్టు సమయంగా లెక్కిస్తే, ముందు పరుగెత్తిన కుర్రాడు వెనుకకు వచ్చి చేయి అందించక తప్పదు. పది జట్లు, జట్టుకు ఐదుగురు చొప్పున యాభై మంది అనుకుంటే, ఉదయం ఏడున్నరకు మొదటి జట్టును, ఆపై ఐదు నిమిషాలకొక జట్టును వదిలితే ఎనిమిదింబావుకు చివరి జట్టు బయలుదేరుతుంది. నలభై నిమిషాలు పట్టినా తొమ్మిది లోపు ముగుస్తుంది. అడ్డంకుల వద్ద తోపులాట ఉండదు, ఎండ ముదరదు.

ప్రమాదాల పాఠం

ఈ క్రీడలో చావులూ సంభవించాయి. 2013లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో జరిగిన టఫ్ మడ్డర్‌లో ఎత్తైన వేదిక నుంచి బురదనీటి గుంతలోకి దూకిన యువకుడొకరు మునిగి మరణించారు. సహోద్యోగులతో కలిసి సరదాగా వచ్చిన పోటీ అది. మొరం తవ్విన గుంతలు, చెరువులు ఏటా ఎందరినో మింగే మన పల్లెల్లో లోతు నీటిని పోటీలో భాగం చేయడం ఎంతమాత్రం తగదు.

బురద సంగతీ తేలికగా తీసుకోదగినది కాదు. 2012 అక్టోబరులో అమెరికాలోని నెవాడాలో పశువుల క్షేత్రంలో నిర్వహించిన అడ్డంకుల పరుగు తర్వాత 22 మందికి క్యాంపిలోబాక్టర్ అనే సూక్ష్మజీవి వల్ల విరేచనాల వ్యాధి సోకినట్లు అక్కడి ఆరోగ్య అధికారులు గుర్తించారు. పేడ కలిసిన బురద నీరు నోట్లోకి పోవడమే కారణమని తేలింది. వరి మడిలోనే పోటీ పెడితే ఖర్చు తగ్గుతుందని అనిపించవచ్చు. కానీ ఆ మడిలో పేడతో పాటు పురుగుమందుల శేషాలు, ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ ముప్పూ ఉంటాయి. చిన్న గుంతలో పట్టా పరిచి, శుభ్రమైన ఎర్రమట్టిని బోరు నీటితో తడిపితే సరి. ఒంటిపై గాయమున్నవారిని బురదలోకి దించరాదు.

వేడిది మరో ప్రమాదం. 2024 ఆగస్టు, సెప్టెంబరు మాసాల్లో ఝార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామకాల 10 కిలోమీటర్ల పరుగులో పది మందికి పైగా అభ్యర్థులు ప్రాణాలు కోల్పోయారు. వారంతా ఉద్యోగం కోసం సిద్ధమై వచ్చిన యువకులు. తెలంగాణలో 2022 పోలీసు నియామకాల్లో పరుగు పురుషులకు 1600 మీటర్లు, మహిళలకు 800 మీటర్లే. పోలీసు కొలువుకే అంత చాలినప్పుడు, నలభై ఏళ్లు దాటి రక్తపోటు మాత్రలు వాడే ఉపాధ్యాయుడు రెండు కిలోమీటర్లలో సగం నడిచినా తప్పులేదు. పేరు నమోదు నాడే గుండె జబ్బు, మధుమేహం, మోకాళ్ల నొప్పుల వివరాలు అడిగి, అవసరమైనవారిని వైద్యుని వద్దకు పంపాలి. ప్రాథమిక చికిత్స తెలిసిన సిబ్బంది, తాగునీరు, ఓఆర్ఎస్, సిద్ధంగా ఒక వాహనం లేనిదే పోటీ మొదలుపెట్టకూడదు. 108 ఉందన్న ధీమా ఒక్కటే చాలదు.

ఎప్పుడు? ఎక్కడ?

కాలం ఎంపికే సగం విజయం. నవంబరు వరకు వరి కోతలు, ఆపై ధాన్యం కొనుగోలు కేంద్రాల పనితో మహిళా సంఘాలు, మండల సిబ్బంది తలమునకలై ఉంటారు. సంక్రాంతి దాటితే పసుపు తవ్వకాలు, ఉడకబెట్టడం, నిజామాబాద్ మార్కెట్‌కు తరలింపు మొదలవుతాయి. మార్చి తరువాత ఎండలు 40 డిగ్రీలు దాటి కొన్ని రోజులు 45కు చేరతాయి. మిగిలింది డిసెంబరు చివరి వారాల నుంచి సంక్రాంతి వరకు ఉన్న కొద్దిపాటి వ్యవధి మాత్రమే.

స్థలం విషయానికి వస్తే, ఆర్మూర్ నవనాథ సిద్ధుల గుట్ట రాళ్లు ఎవరినైనా ఊరిస్తాయి. అయితే అది భక్తులు వచ్చే క్షేత్రం. పైగా కాలు జారితే పట్టుకునే ఆసరా లేని రాతి దారి కొత్తవారికి పనికిరాదు. 2022లో ఊరూరా తలపెట్టిన క్రీడా ప్రాంగణాలు ఇందుకు అనువైనవి. వాలీబాల్, ఖోఖో కోర్టులు, లాంగ్‌జంప్ గుంత, వ్యాయామ కడ్డీలు వాటిలో ఉండాలన్నది నాటి ఉద్దేశం. నిర్వహణ కొరవడి అనేక చోట్ల అవి పిచ్చిమొక్కలతో నిండాయి. యాభై మంది ఉద్యోగులు పరుగెత్తాలంటే ముందు గడ్డి కోయాలి, గాజు ముక్కలు ఏరాలి. ఆ పని జరిగితే పోటీ ముగిసిన మరుసటి రోజు నుంచీ పిల్లలకు మైదానం దక్కుతుంది.

కాదనే హక్కు

అన్నింటికన్నా సున్నితమైన అంశం బలవంతం. తహసీల్దారు, అటెండరు ఒకే జట్టులో బురదలో పడిలేస్తే కార్యాలయంలో దూరం తగ్గుతుందన్న వాదనలో నిజముంది. అయితే అధికారి రమ్మన్నప్పుడు పొరుగు సేవల ఉద్యోగి కాదనగలడా? అతని కాలు బెణికి వారం రోజులు ఇంట్లో ఉంటే జీతం కోత పడదా? గాయపడిన వారికి వేతనంతో కూడిన సెలవు, చికిత్స ఖర్చు ఎవరు భరిస్తారో ముందే కాగితంపై రాసి సంతకం చేయాలి. ఆ సంతకం పెట్టడానికి వెనుకాడే అధికారి పోటీని తలపెట్టకపోవడమే మేలు.

మహిళల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కదలిక లేక ఎక్కువగా నష్టపోతున్నది వారేనని పై లెక్కలు చెబుతున్నాయి. అయినా ఉదయం ఏడున్నరకు రమ్మంటే ఇంటి వంట ఎవరు చూస్తారన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆదివారం పెట్టి కుటుంబాలను కూడా ఆహ్వానిస్తే కొంత వెసులుబాటు. బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి, నీటి వసతి లేని చోట మహిళలు రాలేదని నిందించడం అనుచితం. పంజాబీ డ్రెస్సుతోనే పాల్గొనేలా అడ్డంకులు ఉండాలి. బురదలో జారిపడిన దృశ్యాలను సెల్‌ఫోన్లలో చిత్రీకరించి వాట్సాప్‌లో తిప్పడాన్ని నిర్వాహకులు ముందుగానే నిషేధించాలి. ఒక్క వీడియో చాలు, మరుసటి ఏడాది మహిళా జట్టు లేకుండా పోవడానికి.

ఆరు వారాల ముందు పేర్లు నమోదు చేసి, రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజుల నడకతో సన్నద్ధత ప్రారంభించవచ్చు. వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం ఉండాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన దానితోనే నెరవేరుతుంది. మూడో వారం నుంచి సంచి మోయడం, తక్కువ ఎత్తు ఎక్కి దిగడం చేర్చాలి. చివరి వారంలో మైదానంలోనే ఒకసారి నమూనా నడక జరిపి, ఏ అడ్డంకి వద్ద ఎక్కువ మంది ఆగిపోతున్నారో చూసి దాని ఎత్తు తగ్గించాలి. డిసెంబరు ఆఖరులో పోటీ జరగాలంటే నడక నవంబరు మధ్యలో, ధాన్యం కొనుగోళ్లు జోరుగా సాగే రోజుల్లోనే మొదలు కావాలి. కొనుగోలు కేంద్రంలో పొద్దంతా నిలబడే సిబ్బందికి ఆ అరగంట ఎక్కడి నుంచి దొరుకుతుందో మండల అధికారులే తేల్చాల్సి ఉంది.